తాతగారి పాత లెన్సులను డిజిటల్ కెమెరాకు బిగించే ముందు

నమస్కారం. నెల్లూరులో స్టూడియో నడిపిన మీ తాతగారి బీరువాలో మూడు లెన్సులు దొరికాయని, అవి నిక్కోర్-పి 105 మి.మీ. ఎఫ్/2.5, సూపర్ టాకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4, కెనాన్ ఎఫ్‌డీ 28 మి.మీ. ఎఫ్/2.8 అని రాశారు. మీ దగ్గర ఉన్న కెమెరా నికాన్ డీ7200 అని, చెన్నైలో వేళచ్చేరిలో ఉంటున్నారని కూడా చెప్పారు. వీటిని ఆ కెమెరాకు వాడవచ్చా, ఏ అడాప్టర్లు కొనాలి, మీ బావగారు చెప్పినట్టు డీ7200 అమ్మేసి లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కొనడమే మంచిదా అన్నవి మీ ప్రశ్నలు. తెలుగు సినిమాలు ఇంకా కోడంబాక్కం, వడపళని స్టూడియోలలో తయారవుతున్న రోజుల్లో స్టిల్ ఫోటోగ్రాఫర్‌కు సహాయకుడిగా మద్రాసు వచ్చి ఇక్కడే స్థిరపడినవాణ్ణి కనుక, ఈ మూడు రకాల లెన్సులూ ఫిల్ము మీదా, తర్వాత డిజిటల్ మీదా నా చేతుల్లో తిరిగినవే. అందువల్ల కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. 105ను డీ7200కు ఈ రోజే బిగించి చూడాలని అనిపిస్తుంది, ఎందుకంటే రెండూ నికాన్‌వే, మౌంటు (లెన్స్ కెమెరాకు బిగుసుకునే చోటు) చూడటానికి ఒకేలా ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. నికాన్ ఎఫ్ మౌంటు 1959లో వచ్చింది, దాని ఆకారం అప్పటి నుంచి మారలేదన్నది నిజమే. మారినది ఎపర్చర్ (లెన్సులో వెలుతురును లోపలికి వదిలే రంధ్రం) ఎంత ఉందో లెన్స్ కెమెరాకు చెప్పే పద్ధతి. 1977కు ముందు ఎపర్చర్ రింగు మీద మరతో బిగించిన చిన్న లోహపు కొమ్ముల జత ఆ పని చేసేది. 1977లో ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్) పద్ధతి వచ్చాక, రింగు వెనుక అంచే కెమెరా మౌంటు పక్కన ఉన్న చిన్న మీటను నెట్టడం మొదలుపెట్టింది. మీ డీ7200లో ఆ మీట ఉంది. ఏఐకి ముందటి లెన్సులో రింగు వెనుక అంచు చుట్టూ నిండుగా ఉంటుంది కాబట్టి, బిగించేటప్పుడు అది నేరుగా ఆ మీట మీద పడుతుంది. కొంచెం బలం పెడితే మీట వంగుతుంది, లేదా విరుగుతుంది. చాలా ఏళ్ల క్రితం ఒక మిత్రుడి నుంచి అరువు తెచ్చుకున్న కెమెరా బాడీకి నేను తొందరపాటుతో ఇలాగే ఒక పాత 50ను తిప్పాను. ఆ మీట మార్పించడానికి అయిన ఖర్చు లెన్స్ విలువను మించిపోయింది. ఈ మాట మీకు మొదటనే చెప్పడానికి కారణం అదే.

మీ లెన్స్ ఏ కాలానిదో తెలుసుకోవడం కష్టం కాదు. కొమ్ములలో రంధ్రాలు లేకుండా నిండు లోహం ఉండి, ఎపర్చర్ అంకెలు ఒకే వరుసలో ఉంటే అది ఏఐకి ముందటిది. ఏఐ లెన్సులలో పెద్ద అంకెల వరుస వెనుక అవే అంకెలు చిన్నగా రెండో వరుసలో కూడా ఉంటాయి, కొమ్ములకు రంధ్రాలు ఉంటాయి. పేరులోని ‘పి’ అక్షరం కూడా ఒక ఆనవాలే. ఆ రోజుల్లో నికాన్ వారు లెన్సులో ఎన్ని గాజులు ఉన్నాయో లాటిన్, గ్రీకు సంఖ్యల మొదటి అక్షరంతో సూచించేవారు. పి అంటే పెంటా, అంటే అయిదు గాజులు. 1970ల మధ్యలో ఆ అక్షరాలు తీసేశారు. అయితే ఆ కాలపు లెన్సులకు తర్వాత రింగు మార్పించుకున్నవారు ఎందరో ఉన్నారు కనుక, పేరును బట్టి తేల్చకుండా రింగు వెనుక అంచును కంటితో చూడండి. అంచులో కొంత భాగం తగ్గించి కోసినట్టు ఉంటే మీ తాతగారు ఎప్పుడో మార్పించారన్న మాట. అప్పుడు అది డీ7200కు నిర్భయంగా ఎక్కుతుంది. కెమెరా మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటా అన్న చోట 105, 2.5 అని నమోదు చేస్తే ఏ (ఎపర్చర్ మీరు పెట్టేది), ఎం (అన్నీ మీరే పెట్టేది) మోడ్‌లలో వెలుతురు కొలిచే మీటరు కూడా సరిగ్గా పనిచేస్తుంది.

మార్చనిదే అయితే రింగును ఆకురాయితో రాయించే దారి ఒకటి ఉంది, చేసేవారు కూడా ఉన్నారు. కానీ తాతగారి వస్తువును అలా కోయించడానికి నాకు మనసొప్పదు, పైగా అవసరం కూడా లేదు. నికాన్ డీ3000, డీ5000 వరుసల బాడీలలో ఆ మీటే లేదు. మీ స్నేహితులలో ఎవరి దగ్గరైనా డీ3400 లాంటిది ఉంటే ఒక ఆదివారం అరువు అడగండి. మీటరు పనిచేయదు, ఎం మోడ్‌లో పెట్టి, చిత్రంలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్ చూసుకుంటూ వెలుతురు సరిచేసుకోవాలి, అంతే. ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే ఆ లెన్స్ మీకు నచ్చుతుందో లేదో తెలిసిపోతుంది. నచ్చుతుందనే నా నమ్మకం. నేషనల్ జియోగ్రాఫిక్ 1985 జూన్ సంచిక ముఖచిత్రంగా వచ్చిన, స్టీవ్ మెక్‌కరీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ బాలిక చిత్రం 105 ఎఫ్/2.5 నిక్కోర్‌తోనే తీసినది. మీది దానికంటే పాత నమూనా అయినా, ముఖాలను అంత మృదువుగా, అంత స్పష్టంగా చూపే గుణం ఆ వంశం మొత్తానికీ ఉంది.

ఇక మిగిలిన రెండు లెన్సుల సంగతి. ఇక్కడ అడాప్టర్ అమ్మేవారి మాటలను కాకుండా ఒక కొలతను నమ్ముకోవాలి. మౌంటు అంచు నుంచి ఫిల్ము లేదా సెన్సర్ వరకు ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. నికాన్ ఎఫ్‌కు అది 46.5 మి.మీ., టాకుమార్‌కు ఉన్న ఎం42 మరమౌంటుకు 45.46 మి.మీ., కెనాన్ ఎఫ్‌డీకి 42 మి.మీ. అనంత దూరంలోని వస్తువు మీద ఫోకస్ కుదరాలంటే లెన్స్ తన సొంత దూరంలోనే కూర్చోవాలి. బాడీ దూరం లెన్స్ దూరం కంటే తక్కువైతే, ఆ తేడా మందం గల గొట్టం పెట్టి సరిచేయవచ్చు. ఎక్కువైతే చేయగలిగింది లేదు, లెన్సును బాడీ లోపలికి తోయలేము కదా. మీ టాకుమార్‌ను డీ7200కు బిగిస్తే, అడాప్టర్ మందం ఏమీ లేదనుకున్నా, అది ఉండవలసిన చోటు కంటే 1.04 మి.మీ. ముందుకు ఉంటుంది. లెక్క వేస్తే అది సుమారు రెండున్నర మీటర్లకు మించి ఫోకస్ చేయలేదు. భోజనాల బల్లకు అవతల కూర్చున్న మనిషి వరకు బాగానే వస్తుంది, వీధి చివర గోపురం మాత్రం మసకగానే ఉంటుంది. ఎఫ్‌డీ 28 పరిస్థితి ఇంకా కష్టం. 4.5 మి.మీ. తేడాతో అది దాదాపు 20 సెంటీమీటర్ల దూరంలోని వస్తువును తప్ప మరి దేన్నీ స్పష్టంగా చూపలేదు. మధ్యలో చిన్న గాజు పెట్టి అనంత దూరాన్ని సాధిస్తామనే అడాప్టర్లు దొరుకుతాయి. తక్కువ ధరలో వచ్చే ఆ గాజు, ముఖ్యంగా ఎఫ్/1.4 దగ్గర, లెన్స్ పనితనాన్ని పాడుచేస్తుంది. వాటి మీద డబ్బు పెట్టవద్దు.

మీ బావగారి సలహాలో ఉన్న నిజం ఇదే. అద్దం తీసేయడంతో మిర్రర్‌లెస్ కెమెరాల ఫ్లాంజ్ దూరం బాగా తగ్గిపోయింది. సోనీ ఈ మౌంటుకు 18 మి.మీ., నికాన్ జెడ్‌కు 16 మి.మీ. మీ మూడు లెన్సులకూ జెడ్ బాడీ మీద వరుసగా 30.5, 29.46, 26 మి.మీ. పొడవున్న గొట్టాలు చాలు, గాజు అక్కరలేదు, లెన్సులను కోయనక్కరలేదు. అయినా డీ7200ను అమ్మమని మాత్రం నేను చెప్పను. ఏఐ లెన్సులతో మీటరుతో సహా పనిచేసే మంచి బాడీ అది. పాతదైనందువల్ల అమ్మితే వచ్చేది తక్కువ, ఉంచుకుంటే కలిగే ఉపయోగం ఎక్కువ. ఒకవేళ కొనాలనే అనుకుంటే, 35 మి.మీ. ఫిల్ము చట్రమంత ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్, బాడీలోనే చేతి వణుకును సరిచేసే ఏర్పాటు, ఈ రెండూ ఉన్నది చూడండి. 2014 చివరలో వచ్చిన సోనీ ఏ7 రెండవ తరం, 2020లో వచ్చిన నికాన్ జెడ్5 రెండింటిలోనూ ఈ రెండు సదుపాయాలూ ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లో వెతకవచ్చు. మీ దగ్గర ఏఎఫ్-ఎస్ (లోపలే ఫోకస్ మోటారు ఉన్న) లెన్సులు కూడా ఉంటే జెడ్5 వైపు మొగ్గండి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో వాటి ఆటోఫోకస్ నిలుస్తుంది. సొంత మోటారు లేని ఏఎఫ్-డీ లెన్సులకు మాత్రం నిలవదు, ఎందుకంటే ఆ అడాప్టర్‌లో మోటారు లేదు. ఫుల్ ఫ్రేమ్ ఎందుకంటే, మీ డీ7200 సెన్సర్ చిన్నది కనుక దాని మీద 105 దాదాపు 157లా, 28 దాదాపు 42లా కనిపిస్తాయి. 105కు అది నష్టం కాదు, కానీ 28లోని వైశాల్యమంతా పోతుంది.

అడాప్టర్ కొనేటప్పుడు రెండు చూడాలి. లోపలి గోడ మెరుస్తూ ఉంటే వెలుతురు అటూ ఇటూ కొట్టుకుని చిత్రం తెల్లబారుతుంది. నల్లగా, గరుకుగా ఉన్నదే మంచిది. రెండవది పొడవు. గొట్టం ఉండవలసినదాని కంటే ఒక మిల్లీమీటరులో పదో వంతు పొడవుగా ఉన్నా మీ 28 ఎనిమిది మీటర్లకు అవతల ఫోకస్ కాదు. అందుకే తయారీదారులు కావాలనే కొంచెం పొట్టిగా చేస్తారు. అప్పుడు ఫోకస్ రింగు అనంతం గుర్తును చేరడానికి కొద్దిగా ముందే దూరపు వస్తువుల మీద ఫోకస్ కుదురుతుంది, అది లోపం కాదు. ఎఫ్‌డీ అడాప్టర్‌కు అదనంగా ఒక తిరిగే రింగు ఉంటుంది. దాన్ని లాక్ వైపు తిప్పితేనే ఎపర్చర్ రేకులు కదులుతాయి. ఎఫ్‌డీ లెన్సును చేతిలో పట్టుకుని రింగు తిప్పి, రేకులు కదలడం లేదని చెడిపోయిందనుకుని పక్కన పడేసినవారిని చూశాను. దాన్ని బిగించకుండా పరీక్షించవద్దు. టాకుమార్‌కు ఈ ఇబ్బంది లేదు, దాని పక్కన ఉన్న ఆటో-మాన్ మీటను మాన్ వైపు పెడితే చాలు.

ఇంత చెప్పినా, అడాప్టర్‌కు డబ్బు కట్టే ముందు చేయవలసిన అసలు పని ఒకటి మిగిలే ఉంది. లెన్స్ ఆరోగ్యం చూడాలి. నెల్లూరు బీరువా, చెన్నై గాలి, రెండూ లెన్సుకు శత్రువులే. గదిలో దీపం ఆర్పి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చిని లెన్స్ వెనుక నుంచి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. దుమ్ము చుక్కలు ఎన్ని కనిపించినా పట్టించుకోకండి, చిత్రంలో అవి కనిపించవు. సాలెగూడులా పాయలు పాయలుగా అల్లుకున్నది కనిపిస్తే అది బూజు, అంటే ఫంగస్. గాజు మొత్తం పలచని పొగ కమ్మినట్టుంటే గ్రీజు ఆవిరై పేరుకున్నది. అది శుభ్రం చేస్తే చాలావరకు పోతుంది. గాజు అంచున ఇంద్రధనుస్సు రంగులతో మచ్చ కనిపిస్తే రెండు గాజులను అతికించిన బంక విడుతున్నదని అర్థం, దాన్ని బాగు చేయించడం ఖర్చుతో కూడినది.

బూజు గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే ఈ ఊళ్లో నేను పోగొట్టుకున్న లెన్సులన్నీ దానివల్లనే పోయాయి. 2015 డిసెంబరు వరదల్లో మా ఇంటికి అడయారు నీళ్లు మెట్ల వరకే వచ్చాయి, లెన్సుల బీరువా తడవలేదు. కానీ కరెంటు లేక, గోడలు ఆరక, ఇల్లంతా వారాల తరబడి చెమ్మగా ఉండిపోయింది. ఇంటి పనులలో మునిగి నేను బీరువా తెరవలేదు. తెరిచేసరికి నాలుగు లెన్సులలో బూజు పాకింది. రెండింటిని శుభ్రం చేయించగలిగాను. మిగిలిన రెండింటిలో అది వదిలే ఆమ్లం పై పూతను తినేసింది, బూజు తుడిచినా దాని ఆకారం గాజు మీద అచ్చు పడిపోయింది. కాబట్టి మీ లెన్సులో బూజు అంచున, పలచగా ఉంటే ఆలస్యం చేయకుండా పాత మెకానికల్ లెన్సులు విప్పడం తెలిసినవారికి ఇచ్చి తీయించండి. మధ్యలో మందంగా ఉంటే ఖర్చు పెట్టేముందు ఆలోచించండి. ఇంట్లో మీరే విప్పడం మాత్రం వద్దు. ఫోకస్ మరలు ఏ పంటి దగ్గర విడిపోయాయో గుర్తు పెట్టకుండా విప్పితే తిరిగి కూర్చోబెట్టడం చాలా కష్టం.

బూజు ఒక లెన్స్ నుంచి మరో లెన్సుకు అంటుకుంటుందని భయపెడతారు. బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మొలకెత్తనిచ్చేది తేమే. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచగలిగితే సరిపోతుంది. దానికి ఖరీదైన డ్రై క్యాబినెట్ లేకపోయినా ఫరవాలేదు. గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, రంగు మారే సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు ఉంటే చాలు. జెల్ రంగు మారినప్పుడు వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. లెన్సులను తోలు సంచుల్లో ఉంచకండి, తోలు చెమ్మను పట్టుకుని బూజుకు ఆహారమవుతుంది. ఏసీ గదిలో నుంచి లెన్సును తీసుకుని నేరుగా బయటి ఉక్కలోకి వెళ్లినా గాజు మీద ఆవిరి పేరుకుంటుంది. సంచి మూసే ఉంచి, అరగంట తర్వాత తెరవండి.

మీ టాకుమార్ గాజు పసుపు పచ్చగా, టీ రంగులో కనిపిస్తున్నదని రాశారు. అది బూజు కాదు, మురికి కాదు. ఆ లెన్స్ ఏడు గాజుల నమూనాలో, కాంతిని ఎక్కువగా వంచడం కోసం ఒక గాజులో థోరియం కలిపారు. థోరియం స్వల్పంగా రేడియోధార్మికత గలది, దశాబ్దాల పాటు ఆ కిరణాలే గాజుకు ఈ రంగు తెచ్చాయి. కెమెరాకు బిగించి ఫోటోలు తీసుకోవడానికి భయపడనక్కరలేదు. అయితే కంటికి ఆనించి భూతద్దంలా వాడవద్దు, ఆ గాజును అరగదీయడం, పగలగొట్టడం చేయవద్దు, పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వవద్దు. రంగు పోవాలంటే అతినీలలోహిత కాంతి కావాలి. యూవీ ఎల్‌ఈడీ దీపం కింద, వెనుక వైపు అల్యూమినియం రేకు పెట్టి, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు ఉంచితే తేరుకుంటుంది. మన ఎండలో పెడదామనిపిస్తుంది కానీ, ఆ వేడికి గ్రీజు కరిగి ఎపర్చర్ రేకుల మీదికి పాకుతుంది, పైగా లెన్స్ సూర్యుణ్ణి ఒకచోట కేంద్రీకరిస్తే మంట కూడా అంటుకోవచ్చు. దీపమే క్షేమం. రంగు మిగిలినా వైట్ బ్యాలెన్స్ దాన్ని సరిచేస్తుంది, కొంత వెలుతురు మాత్రం నష్టపోతారు.

ఫిల్ముకు, సెన్సర్‌కు మధ్య తేడా వల్ల కొన్ని కొత్త గుణాలు కనిపిస్తాయి. సెన్సర్ ముందున్న గాజు మెరుస్తుంది. ఆ మెరుపు లెన్స్ వెనుక గాజుకు తగిలి తిరిగి వస్తే, చిన్న ఎపర్చర్లలో కొన్ని లెన్సులతో చిత్రం నడుమ తెల్లని మచ్చ పడుతుంది. టాకుమార్‌తో ఎఫ్/1.4 దగ్గర, ఎండకు ఎదురుగా ఉన్న ఆకుల అంచుల్లో ఊదా రంగు కనిపిస్తుంది. ఎఫ్/2.8కు మూస్తే చాలావరకు తగ్గుతుంది. పాత పూతలు నేటి పూతలంత గట్టివి కావు కనుక, తెల్లవారుజామున మెరీనాలో సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు హుడ్ (లెన్స్ ముందు ఎండను అడ్డుకునే గొట్టం) లేకుండా తీయకండి. 105కు 52 మి.మీ., టాకుమార్‌కు 49 మి.మీ. మరలున్న లోహపు హుడ్ సరిపోతుంది. కొన్న అడాప్టర్ కంటే ఆ హుడ్ వల్లనే చిత్రం ఎక్కువ మెరుగుపడుతుందని నా అనుభవం.

మిర్రర్‌లెస్ బాడీ మీద ఈ అడాప్టర్లలో విద్యుత్ సంబంధం ఏదీ ఉండదు. సోనీ వంటి బాడీలలో లెన్స్ లేకుండా షట్టర్ పనిచేయనివ్వు అన్న అంశాన్ని మెనూలో ఆన్ చేయాలి. వణుకు సరిచేసే ఏర్పాటుకు ఫోకల్ లెంగ్త్ (లెన్స్ పేరులోని మి.మీ. అంకె) మీరే చెప్పాలి. అప్పుడు లెన్స్ మీద చెక్కిన అంకెనే ఇవ్వండి, సెన్సర్‌ను బట్టి గుణించిన అంకె ఇస్తే వణుకు పెరుగుతుంది. ఏ మోడ్‌లో పెడితే షట్టర్ వేగాన్ని కెమెరా చూసుకుంటుంది. ఫోకస్ విషయంలో రంగు గీతలు చూపే పీకింగ్‌ను నమ్మి ఎఫ్/1.4 దగ్గర కళ్లను తీయలేరు. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, తెరను పెద్దది చేసి, కనురెప్పల మీద ఫోకస్ కుదిరాక, ఎన్ని టిక్కులు తిప్పారో వేలితోనే లెక్కపెట్టుకుంటూ మూయడం అలవాటు చేసుకోండి. కొన్ని వారాల్లో చేతికి వస్తుంది.

మైలాపూరు అరువత్తుమూవర్ ఉత్సవంలో ఊరేగింపు మీదికి వస్తున్నప్పుడు 105తో చేతి ఫోకస్ నాకే చాలాసార్లు తప్పింది. అటువంటి చోట మీ ఆటోఫోకస్ లెన్సే వాడండి. దానికి భిన్నంగా టీ నగర్ రంగనాథన్ వీధిలో 28 కంటే మేలైన లెన్స్ లేదు. ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/8 పెట్టి ఫోకస్‌ను 3.3 మీటర్ల దగ్గర నిలిపితే, సుమారు 1.6 మీటర్ల నుంచి అనంతం వరకు అంతా స్పష్టంగా వస్తుంది, ఇక ఫోకస్ రింగు ముట్టుకోనక్కరలేదు. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు స్పష్టంగా వస్తుందో చూపడానికి లెన్స్ మీద చెక్కిన గీతలు ఫిల్ము కాలపు చిన్న ప్రింట్లను దృష్టిలో పెట్టుకుని వేసినవి. మీరు కంప్యూటరు తెర మీద పూర్తిగా పెద్దది చేసి చూస్తారు కనుక, ఎఫ్/8 గీతల మధ్య దూరం కావాలంటే ఎఫ్/11కో, వెలుతురు ఉంటే ఎఫ్/16కో మూయండి.

ఇప్పటికి మీకు కావలసింది టార్చి, సిలికా జెల్, ఒక పూటకు అరువు తెచ్చుకున్న డీ3400. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి, డబ్బా మాత్రం అంతకు ముందే సిద్ధం చేసుకోండి. 105 రింగు వెనుక అంచును, దాని కొమ్ములను స్పష్టంగా చూపే ఫోటో ఒకటి తీసి ఇక్కడే పెట్టండి. అది మార్పించినదో కాదో చూసి చెబుతాను, అప్పటి వరకు దాన్ని డీ7200కు దూరంగా ఉంచండి.